బెంగళూరులో అడ్మిన్ అసిస్టెంట్‌గా చేరుతున్నారా? ఆఫీసులో ఇలా నడుచుకోండి

అడ్మిన్ అసిస్టెంట్, ఎగ్జిక్యూటివ్ అసిస్టెంట్, ఆఫీస్ కోఆర్డినేటర్... బెంగళూరు కంపెనీల్లో ఈ ఉద్యోగానికి పేర్లు చాలానే ఉన్నా పని దాదాపు ఒకటే. ఒకరి సమయాన్నీ, కాగితాల్నీ, మాటనీ మీరు చూసుకోవాలి. ఎక్సెల్ రానివాళ్లు రెండు నెలల్లో నేర్చేసుకుంటారు. ఇంగ్లిష్‌లో తడబడేవాళ్లూ మెల్లగా గాడిలో పడతారు. మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది "సరే సార్, చూస్తాను" అనే మాటతో. పని ఇవాళ అవదని తెలిసినా మొహమాటానికి తలూపేస్తాం. సాయంత్రం ఆయనే పిలిచి అడిగితే అప్పుడు "ఇంకా అవలేదు సార్" అంటాం. పని కాస్త ఆలస్యమైతే చాలామంది బాస్‌లు సర్దుకుంటారు. ఆ సంగతి చివరి నిమిషంలో తెలిస్తేనే మండిపడతారు. అడిగించుకోకముందే చెప్పడం అలవాటైతే సగం టెన్షన్ అక్కడే పోతుంది.

1. మొదటి వారంలోనే బాస్ దగ్గర పావుగంట తీసుకోండి

చేరగానే ఎవరూ కూర్చోబెట్టి అన్నీ చెప్పరు. మీరే అడగాలి. ఉదయం ఎన్ని గంటలకు ముందు మీటింగ్ పెట్టకూడదు? ఎవరి ఫోన్ వస్తే మీటింగ్‌లో ఉన్నా చెప్పాలి? ఏ మెయిల్స్‌కి నేనే జవాబివ్వొచ్చు, ఏవి చూపించాలి? ఎంత ఖర్చు వరకు అడక్కుండా చేయొచ్చు? అర్జెంటుగా ఏదైనా చెప్పాలంటే ఫోన్ చేయాలా, మెసేజ్ పెట్టాలా, చీటీ రాసి లోపలికి పంపాలా? జవాబుల్ని నోట్‌బుక్‌లో రాసుకోండి. ఆరు నెలల తర్వాత ఇవే ప్రశ్నలు అడిగితే "ఇన్నాళ్లూ ఏం చేశావు" అంటారు. మొదటి వారంలో అడిగితే పద్ధతైన మనిషి అనుకుంటారు.

పిలుపు సంగతి కూడా అప్పుడే చూసుకోండి. వైట్‌ఫీల్డ్, అవుటర్ రింగ్ రోడ్ ఐటీ కంపెనీల్లో వైస్ ప్రెసిడెంట్‌ని కూడా పేరు పెట్టే పిలుస్తారు. పీణ్యలోని ఫ్యాక్టరీ ఆఫీసుకో, ఏదైనా ప్రభుత్వ సంస్థకో వెళ్తే సార్, మేడమ్ లేకుండా మాట పెగలదు. చుట్టూ ఉన్నవాళ్లు ఎలా పిలుస్తున్నారో రెండు రోజులు గమనించి అలాగే పిలవండి. బాస్ తెలుగువారైతే విడిగా ఉన్నప్పుడు "మీరు", "గారు" బాగానే ఉంటుంది. నలుగురిలో మాత్రం మిగతావాళ్లు ఎలా పిలుస్తుంటే మీరూ అలాగే. ఆయనది గుంటూరు, మీది తెనాలి అని తెలిసినంత మాత్రాన "అన్నా" అనేయకండి. ఆ చనువు ఆయన ఇవ్వాలి, మనం తీసుకోకూడదు.

అదే వారంలో రిసెప్షన్, సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్, ప్యాంట్రీ, ఐటీ హెల్ప్‌డెస్క్, అకౌంట్స్ వాళ్లందరినీ పలకరించి పేర్లు తెలుసుకోండి. బాస్ కారు బేస్‌మెంట్‌లోకి వచ్చిందనీ, ప్రొజెక్టర్ పాడైందనీ మీకంటే ముందు తెలిసేది వాళ్లకే. పేరుతో పలకరించే మనిషికి వాళ్లే ముందుగా ఫోన్ చేసి చెబుతారు.

2. కన్నడ కొంచెమైనా నేర్చుకోండి, తెలుగు చూసి మాట్లాడండి

"కన్నడ గొత్తిల్ల" ఒక్కటే నేర్చుకుని ఏళ్లకేళ్లు గడిపేసినవాళ్లు ఈ ఊళ్లో బోలెడుమంది. మన పనికి అది సరిపోదు. కరెంటు మనిషి, కొరియర్ అబ్బాయి, డ్రైవర్, వార్డు ఆఫీసులో గుమాస్తా, వీళ్లతో రోజూ పని పడేది మనకే. "నమస్కార, బన్ని, కూత్కొళ్ళి", "ఒందు నిమిష ఇరి", "సార్ మీటింగ్‌నల్లి ఇద్దారె", "ఊట ఆయ్తా?" ఈ నాలుగుతో మొదలుపెట్టండి. తప్పు మాట్లాడినా ఎవరూ నవ్వరు, సరిదిద్దుతారు. లిపి మనదానికి బాగా దగ్గర. రోజూ బస్సు బోర్డులు చదువుతూ వెళ్తే కొన్ని వారాల్లోనే అక్షరాలు పట్టుబడతాయి. ఆఫీసుకి కన్నడలో వచ్చే నోటీసులు, రసీదులు ఎవరి చేతా చదివించుకోకుండా మీరే చదువుకోవచ్చు.

రెండోది కాస్త సున్నితమైన విషయం. బెంగళూరు ఆఫీసుల్లో తెలుగువాళ్లం ఎక్కువే. ఇద్దరం కలిస్తే నోట తెలుగే వస్తుంది, అందులో తప్పేం లేదు. కానీ పక్కన తెలుగు రాని మూడో మనిషి నిలబడి ఉంటే ఇంగ్లిష్‌కో హిందీకో కన్నడకో మారండి. ముఖ్యంగా మీరు బాస్ ఆఫీసు మనిషి కాబట్టి, తమ గురించే ఏదో అనుకుంటున్నారని అవతలివాళ్లకు అనుమానం వస్తుంది. "వీళ్లదంతా ఒక గ్రూపు" అన్న మాట ఒకసారి పడితే మీరు ఎవరికి మీటింగ్ రూమ్ ఇచ్చినా దాన్ని ఆ కళ్లతోనే చూస్తారు.

3. క్యాలెండర్ని మీ చేతిలోకి తీసుకోండి

ఈ ఉద్యోగంలో సగం పని క్యాలెండరే. ముందు ఒక నియమం: బాస్ పాస్‌వర్డ్ తీసుకోకండి, ఆయన ఇస్తానన్నా వద్దనండి. అవుట్‌లుక్‌లో డెలిగేట్ యాక్సెస్ ఉంటుంది, గూగుల్ క్యాలెండర్లో షేరింగ్ ఉంటుంది. దాంతో మీ లాగిన్ నుంచే ఆయన క్యాలెండర్ మార్చవచ్చు. రేపు ఏదైనా తేడా వస్తే ఎవరు ఏం మార్చారో తెలుస్తుంది. అది మీకే రక్షణ.

అమెరికా, లండన్ వాళ్లతో కాల్స్ ఉంటే టైమ్ జోన్ సంగతి కంఠతా రావాలి. మన గడియారం ఏడాదంతా ఒకటే, వాళ్లది మారుతుంది. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గంట ముందుకు జరిపి, నవంబర్ మొదటి ఆదివారం వెనక్కి తెస్తారు. బ్రిటన్‌లో మార్చి చివరి ఆదివారం, అక్టోబర్ చివరి ఆదివారం. న్యూయార్క్‌లో ఉదయం 9 అంటే వేసవిలో మనకు సాయంత్రం 6:30, చలికాలంలో 7:30. లండన్‌లో ఉదయం 9 అంటే మనకు మధ్యాహ్నం 1:30 లేదా 2:30. చూశారుగా, మార్చిలో రెండు మూడు వారాలు అమెరికా మారి ఉంటుంది, లండన్ మారదు. ముగ్గురూ కలిసే వీక్లీ కాల్ ఉంటే సరిగ్గా అప్పుడే గందరగోళం. ఇంకో మెలిక ఏంటంటే, ప్రతివారం వచ్చే ఇన్వైట్ ఏ టైమ్ జోన్‌లో పెడితే ఆ ఊరి టైమే నిలకడగా ఉంటుంది. న్యూయార్క్‌ వాళ్లు పెట్టిన ఇన్వైట్ అయితే మన క్యాలెండర్లో గంట జరిగిపోయి, మనం ముందే పెట్టిన ఇంకో మీటింగ్ మీద పడుతుంది. అందుకే ఫిబ్రవరి చివర్లోనూ అక్టోబర్ మధ్యలోనూ ఒకసారి కూర్చుని రాబోయే వారాల కాల్స్ అన్నీ చూసి, ఢీకొనేవాటి జాబితా బాస్‌కి ఇవ్వండి. ఈ ఒక్క పని చేసే అసిస్టెంట్‌ని బాస్‌లు వదులుకోరు.

సెలవులు కూడా ఇలాంటివే. నవంబర్ 1 కన్నడ రాజ్యోత్సవం, కర్ణాటకలో సెలవు. ఆ రోజు హైదరాబాద్ బ్రాంచి మామూలుగా పనిచేస్తుంటుంది. జూన్ 2 తెలంగాణ అవతరణ దినోత్సవం, అప్పుడు మనం ఆఫీసులో ఉంటాం, వాళ్లు ఉండరు. నవంబర్ నాలుగో గురువారం థాంక్స్‌గివింగ్, అమెరికా మూసేస్తారు. జనవరిలోనే అన్ని ఊళ్ల సెలవులూ బాస్ క్యాలెండర్లో ఎక్కించేయండి.

ఇక ట్రాఫిక్. ఎలక్ట్రానిక్ సిటీలో 3 గంటలకు మీటింగ్ అయ్యాక మాన్యతా టెక్ పార్క్‌లో 4 గంటలకు ఇంకోటి పెట్టారంటే మీరు ఊరికి కొత్త అని అర్థం. మధ్యలో సిల్క్ బోర్డ్ జంక్షన్ ట్రాఫిక్ ఉంది, తర్వాత రింగ్ రోడ్ ఉంది. బయటి మీటింగులు ఒక రోజు ఒకే దిక్కున ఉండేలా చూడండి, వీలైతే రెండోది వీడియో కాల్ చేయండి. ప్రయాణ సమయాన్ని కూడా క్యాలెండర్లో బ్లాక్ చేయండి, లేకపోతే ఆ ఖాళీలో ఎవరో ఒకరు దూరిపోతారు. ఇంటర్వ్యూలకొచ్చేవాళ్లకు మెట్రో దారి రాసి పంపండి. పర్పుల్ లైన్ 2023 అక్టోబర్ నుంచి చల్లఘట్ట, వైట్‌ఫీల్డ్ మధ్య పూర్తిగా నడుస్తోంది. ఎల్లో లైన్ 2025 ఆగస్టులో మొదలై ఆర్వీ రోడ్ నుంచి ఎలక్ట్రానిక్ సిటీ మీదుగా బొమ్మసంద్ర వెళ్తోంది. విమానం టికెట్ బుక్ చేస్తే టెర్మినల్ 1 ఆ, 2 ఆ అన్నది ఇన్వైట్ మొదటి లైన్‌లోనే రాయండి. డ్రైవర్‌కి కూడా విడిగా పంపండి.

4. అవదు అన్న మాట ఎలా చెప్పాలి

ఉత్త "అవదు" అనకండి, ఉత్త "సరే" కూడా అనకండి. ఇలా చెప్పి చూడండి: "సార్, ఇది ఇవాళ అవదు. రేపు 11 గంటలకల్లా ఇస్తాను. ఇవాళే కావాలంటే వెండర్ ఫైల్ పక్కన పెట్టాలి, ఏది ముందు చేయమంటారు?" ఇందులో నిజం ఉంది, గడువు ఉంది, నిర్ణయం ఆయన చేతిలోనే ఉంది. ఇద్దరు ముగ్గురు మేనేజర్లకు ఒకే అసిస్టెంట్ అయితే ఇది మరీ అవసరం. ఇద్దరూ ఒకేసారి అర్జెంటు అంటే మీలో మీరే నలిగిపోకుండా ఇద్దరికీ కలిపి ఒకే మెసేజ్ పెట్టి, ఏది ముందో వాళ్లనే తేల్చుకోమనండి.

తప్పు జరిగినా ఇదే వరస. తెలిసిన నిమిషంలోనే చెప్పండి, దాంతోపాటు ఇప్పుడేం చేయొచ్చో కూడా చెప్పండి. సంజాయిషీ తర్వాత అడిగితే ఇవ్వచ్చు.

5. మెయిల్, మినిట్స్

సబ్జెక్ట్ లైన్ చూస్తేనే ఏం చేయాలో తెలియాలి. "మీటింగ్ గురించి" అని రాసేకంటే "గురువారం 3 గంటల రివ్యూ శుక్రవారానికి మార్పు, సరేనా చెప్పండి" అని రాస్తే సగం జనం మెయిల్ తెరవకుండానే పని అవుతుంది. తేదీని 04/05 అని రాయకండి. మనకది మే 4, అమెరికావాళ్లకు ఏప్రిల్ 5. నెల పేరు అక్షరాల్లో రాయండి. విదేశీ ఆఫీసుకు పంపే కాగితాల్లో లక్షలు, కోట్లు వద్దు. 10 లక్షలు ఒక మిలియన్, కోటి అంటే 10 మిలియన్లు అని మార్చి రాయండి. బయటివాళ్లు ఎక్కువమంది ఉన్న మెయిల్‌లో అందరి అడ్రసులూ బీసీసీలో పెట్టండి, అప్పుడు ఒకరి అడ్రస్ ఇంకొకరికి కనబడదు. రిప్లై ఆల్ నొక్కే ముందు ఒక్కసారి ఊపిరి పీల్చుకోండి. ఒకరి మీద కోపంతో వాళ్ల మేనేజర్‌ని సీసీలో చేర్చే అలవాటుంటే ఈరోజే మానేయండి, ఆఫీసులో దానంత త్వరగా శత్రువుల్ని తెచ్చిపెట్టేది ఇంకోటి లేదు.

మినిట్స్, అంటే మీటింగ్ అయ్యాక రాసి పంపే నోట్స్, ఎవరేమన్నారో రాసే రామాయణం కాదు. ఏం నిర్ణయించారు, ఎవరు చేయాలి, ఎప్పటికి. అదే రోజు సాయంత్రం లోపు పంపేయండి. మర్నాడు పంపితే ఒక్కొక్కరికి ఒక్కో మీటింగ్ గుర్తుంటుంది.

6. వచ్చినవాళ్లు, ఫోన్లు, దొంగ మెసేజ్‌లు

విజిటర్ వస్తే లేచి నిలబడి పలకరించండి, మంచినీళ్లు అడగండి, ఎంతసేపు ఆగాలో నిజం చెప్పండి. "ఐదు నిమిషాలు" అని ముప్పావు గంట కూర్చోబెట్టకండి. ఆధార్ కాపీ తీసుకోవాల్సి వస్తే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ చాలునేమో మీ సెక్యూరిటీ టీమ్‌ని అడగండి. తీసుకున్న కాపీలు టేబుల్ మీద వదిలేయకండి.

ఫోన్‌లో "సార్ ఎక్కడున్నారు?" అంటే "ముంబై వెళ్లారు, గురువారం వస్తారు" అని చెప్పేస్తాం, అమాయకంగా. ఆయన ఎక్కడున్నారో బయటివాళ్లకు అనవసరం. "ఇప్పుడు అందుబాటులో లేరు, విషయం చెబితే నేను చేరవేస్తాను" చాలు.

బాస్ ఫొటో డీపీగా పెట్టుకున్న కొత్త నంబర్ నుంచి "మీటింగ్‌లో ఉన్నాను, ఫోన్ చేయకు, అర్జెంటుగా గిఫ్ట్ కార్డులు కొని కోడ్‌లు పంపు" అని మెసేజ్ రావచ్చు. లేదా ఈ అకౌంట్‌కి డబ్బు వేయించమని రావచ్చు. ఇది అసిస్టెంట్ల మీద, అకౌంట్స్ వాళ్ల మీద బాగా ప్రయోగించే మోసం. ఫోన్ చేయొద్దన్నారు కాబట్టే ఫోన్ చేయండి, మీ దగ్గరున్న పాత నంబర్‌కి. నిజంగా బాస్ అయితే ఏమీ అనుకోరు. డబ్బు పోతే క్షణం ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, ఐటీ టీమ్‌కీ చెప్పండి.

7. విన్నది మీలోనే ఉంచుకోండి

జీతాల షీటు, ఎవరిని తీసేస్తున్నారు, ఎవరు రాజీనామా ఇచ్చారు, ఏ బ్రాంచి మూస్తున్నారు, ఇవన్నీ అందరికంటే ముందు మీ కంట పడతాయి. ఆఫీసులో నోరు కట్టుకోవడం అందరికీ తెలుసు. జారేది బయట. మారతహళ్లి, బీటీఎం పీజీల్లో ఒక్కో గదిలో ముగ్గురు ఉంటారు, అందులో ఒకరు మీ కంపెనీయో, మీ క్లయింటు కంపెనీయో అయి ఉంటారు. రాత్రి భోజనాల దగ్గర "మా దగ్గర వచ్చే నెల కొందరు పోతారట" అన్న మాట పొద్దున్నకి టెక్ పార్క్ అంతా తిరుగుతుంది. మెట్రోలో, షటిల్ బస్సులో తెలుగులో మాట్లాడితే ఎవరికీ అర్థం కాదనుకోకండి. బెంగళూరులో తెలుగు తెలియని వాళ్లకంటే, తెలిసినా తెలియనట్టు కూర్చునేవాళ్ల గురించే జాగ్రత్తపడాలి.

ఎవరైనా కూపీ లాగితే "నాకు తెలీదు" అని అబద్ధం చెప్పక్కర్లేదు. "అది నేను చెప్పేది కాదండీ" అనండి. రెండుసార్లు అలా అంటే మూడోసారి అడగరు. ప్రింటర్ దగ్గర కాగితాలు వదిలేయడం, స్క్రీన్ లాక్ చేయకుండా టీకి వెళ్లడం కూడా నోరు జారడం కిందికే వస్తాయి.

8. బిల్లులు

డబ్బు దగ్గర మీ మీద ఒక్క మచ్చ కూడా పడకూడదు. పెట్టీ క్యాష్ (ఆఫీసు చిల్లర ఖర్చుల డబ్బు) ఇచ్చిన రోజే వోచర్ రాయండి, నెలాఖరుకి గుర్తు తెచ్చుకుని రాయడం వద్దు. బిల్లు మీద కంపెనీ పేరు, జీఎస్టీ నంబర్ ఉండాలి. 15 అక్షరాల ఆ నంబర్ మొదటి రెండు అంకెలు రాష్ట్రాన్ని చెబుతాయి, కర్ణాటకది 29. విమానం టికెట్‌కి బుక్ చేసేటప్పుడే ఆ నంబర్ ఇవ్వండి, తర్వాత చేర్పించడం పెద్ద తలనొప్పి. హోటల్‌కి ఇంకో మెలిక ఉంది. బాస్ హైదరాబాద్‌లో దిగితే అక్కడి హోటల్ తెలంగాణ పన్ను వేస్తుంది, మీ కర్ణాటక నంబర్ మీద దాని క్రెడిట్ (కట్టిన పన్నును కంపెనీ తన పన్నులోంచి తగ్గించుకునే వీలు) రాదు. కంపెనీకి తెలంగాణ రిజిస్ట్రేషన్ ఉంటే 36తో మొదలయ్యే ఆ నంబర్ ఇవ్వాలి. బుకింగ్‌కి ముందే అకౌంట్స్‌ని అడగండి, వాళ్లకు మీరంటే గౌరవం పెరుగుతుంది. ఒకే మనిషికి ఒకే రోజు 10,000 రూపాయలు దాటి నగదు ఇవ్వకండి, ఆదాయపు పన్ను లెక్కల్లో ఆ ఖర్చును ఒప్పుకోరు. వెండర్లు దీపావళికి ఇచ్చే డబ్బాల సంగతి కంపెనీ పాలసీలో చూడండి. మిఠాయి అయితే ప్యాంట్రీలో అందరికీ పెట్టేయడం మేలు.

9. సొంత పనులు చెబితే

అబ్బాయి స్కూల్ ఫీజు, పాస్‌పోర్ట్ రెన్యువల్, ఇంటి కరెంటు బిల్లు. కొన్ని చోట్ల ఇవి ఉద్యోగంలో భాగమే, కొన్ని చోట్ల కాదు. చేరేటప్పుడే హెచ్ఆర్‌ని అడగండి. మనవాళ్లకు ప్రత్యేకంగా వచ్చేది తిరుమల దర్శనం. తెలుగు అమ్మాయి, తెలుగు అబ్బాయి అని తెలియగానే ఆఫీసంతా మిమ్మల్నే అడుగుతుంది. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు నెలల ముందే ఆన్‌లైన్‌లో విడుదలవుతాయి, చూస్తుండగానే అయిపోతాయి. "టీటీడీ సైట్‌లోనే సార్, మీ ఆధార్ వివరాలు కావాలి, దొరుకుతాయని మాట ఇవ్వలేను" అని చెప్పండి. మా మామయ్యకు తెలుసు, సిఫారసు లెటర్ తెప్పిస్తాను అన్నారా, ఇక జన్మంతా అదే పని.

వేళ కాని వేళ ఫోన్లు, ఇబ్బంది పెట్టే మాటలు, అక్కర్లేని చనువు వేరే సంగతి. అవి సొంత పనుల లెక్కలోకి రావు. పదిమంది, అంతకుమించి పనిచేసే ప్రతి చోటా 2013 చట్టం ప్రకారం మహిళల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండాలి. ఘటన జరిగిన మూడు నెలల్లోపు ఫిర్యాదు రాతపూర్వకంగా ఇవ్వాలి. తేదీలు, మెసేజ్‌లు దాచుకోండి.

10. ఊరెళ్లే ముందు

సంక్రాంతికి తెలుగువాళ్లందరికీ ఒకేసారి సెలవు కావాలి. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది, అంటే నవంబర్ మధ్యలోనే. టికెట్ దొరికాక సెలవు అడగడం కాకుండా, బాస్‌కి ముందు చెప్పి తర్వాత టికెట్ తీయండి. వెళ్లే ముందురోజు ఒకే పేజీలో రాసి, మీ బదులు చూసేవాళ్లకూ బాస్‌కీ పంపండి: నడుస్తున్న పనులు, ఎవరి జవాబు కోసం ఆగి ఉన్నాయి, ఈ వారం మీటింగులు, డ్రైవర్, ట్రావెల్ ఏజెంట్, ఐటీ నంబర్లు, ఏ ఫైల్ ఏ ఫోల్డర్లో ఉంది, మీకు ఏ విషయంలో మాత్రమే ఫోన్ చేయాలి. అవుట్ ఆఫ్ ఆఫీస్ మెసేజ్‌లో ఎప్పుడు వస్తారో, ఈలోగా ఎవరిని అడగాలో పెట్టండి. బీరువా తాళం, కొరియర్ రిజిస్టర్ చేతికిచ్చి వాళ్ల సంతకం తీసుకుని బస్సెక్కండి.